గొళ్ళెం ఎటు దిక్కు

కతార్‌లో నేను బిగించిన మొట్టమొదటి తలుపు బ్రహ్మాండంగా కుదిరింది. చౌకట్టుకూ తలుపుకూ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒక్క తీరుగా ఉంది. కీలు కిర్రుమనలేదు. తాళం నాలుక ఒక్క తోపుకే టక్కున పడింది. లోపం ఒక్కటే. నేను లోపల ఉన్నాను, హ్యాండిల్ బయట అట్టపెట్టెలో ఉంది.

అది మెసైమీర్ దగ్గర ఒక కొత్త విల్లాలో అతిథుల బాత్రూమ్. కిటికీ కూడా లేదు. కాసేపు గౌరవంగా కూర్చుని, ఇక లాభం లేదని తలుపు కొట్టాను. బయట రంగులు వేస్తున్న లింగన్న విన్నాడు. ఆయనది ఆర్మూర్ వైపు, క్యాంపులో నా పక్క మంచం.

"లోపలెవలున్నరు?"

"నేనే అన్నా, రాజేశాన్ని."

"ఏం జేస్తున్నవ్ర లోపట?"

"తలుపు బిగిస్తున్న."

"బిగించుడు అయిందా?"

"అయింది. మస్తు బిగించిన. నువ్వు జర తియ్యి."

ఆయన వెంటనే తియ్యలేదు. సైటులో ఉన్న బెంగాలీలను, నేపాలీలను, చివరికి నీళ్ళ ట్యాంకరు నడిపే పఠానును కూడా పిలుచుకొచ్చి, తలుపు పనితనం చూపించి, అప్పుడు తీశాడు. ఆ తర్వాత చాలాకాలం సైటులో నా పేరు 'బాత్రూమ్'.

పని సంగతి

మా మెట్‌పల్లి వైపు నుంచి గల్ఫుకు పోయే కుర్రవాళ్ళు ఇప్పటికీ వచ్చి, "కాకా, దుబాయ్‌ల వడ్రంగం ఎట్లుంటది?" అని అడుగుతారు. నేను దుబాయ్‌లో చూసింది విమానాశ్రయంలోని కుర్చీలు మాత్రమే. మా ఊళ్ళో కతార్ అయినా మస్కట్ అయినా అన్నీ దుబాయే. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఏడో తరగతిలో బడికీ నాకూ పొసగలేదు కాబట్టి, రాతలో వంకరలుంటే సర్దుకోండి. చెక్కలో వంకరలుంటే మాత్రం ఊరుకోకండి.

ప్రమోషన్ల గురించి చెప్పను. ఫోర్‌మన్ అయిన రోజు నెత్తిమీద టోపీ రంగు మారింది, కింద తల అదే. పని గురించి చెబుతాను.

అక్కడ వడ్రంగం రెండు రకాలు. ఒకటి షట్టరింగ్. కాంక్రీటు పోయడానికి చెక్కతో అచ్చు కట్టడం. ఎండలో, దుమ్ములో చచ్చీచెడీ కడతాం, కాంక్రీటు గట్టిపడగానే మనమే పీకి పారేస్తాం. రెండోది ఫినిషింగ్. తలుపులు, అల్మరాలు, చెక్క గోడలు. అక్కడ మనం చేసింది నిలబడుతుంది, మనం నిలబడడానికి లేదు. తాళాలు యజమాని చేతికి పోయిన మర్నాటి నుంచి, నిన్నటిదాకా మన చాయ్ తాగిన గార్డే మనల్ని లోపలికి రానివ్వడు. ఈ సంగతి ముందే తెలుసుకుని పొండి. తెలియకపోతే మొదటిసారి చాలా బాధగా ఉంటుంది.

ఇంకొకటి. ఏసీ లేకుండా బిగించిన చెక్క, ఏసీ వేయగానే ముడుచుకుంటుంది. ఏసీ ఆపితే ఉబ్బుతుంది. సందు వదలండి. ఎంత వదలాలో ఏ డ్రాయింగూ చెప్పదు, రెండు మూడు తలుపులు పాడయ్యాక చెయ్యే చెబుతుంది.

ఇక ఒంటరితనం. దానికి ఎంత సందు వదలాలో నాకు ఎవరూ చెప్పలేదు. నేను క్యాంపులో నవ్వించేవాణ్ణి. నవ్వించేవాడి చుట్టూ ఎప్పుడూ జనం ఉంటారని అనుకుంటారు. ఉంటారు, నవ్వు అయిపోయేదాకా. శుక్రవారం మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నాక ఎవరిని నవ్వించాలి? అప్పుడు ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. నా భార్య సుగుణ ఎత్తేది.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న."

పగలంతా గుక్క తిప్పుకోకుండా వాగేవాడికి ఆ తర్వాత మాట దొరికేది కాదు. ఆమె కూడా ఏమీ అనేది కాదు. ఆమె వెనక కుక్కరు విజిల్ వేసేది, నా వెనక కూలర్ మోగేది. కాసేపు ఆ రెండూ మాట్లాడుకున్నాక ఫోన్ పెట్టేసేవాళ్ళం.

లెస్లీ

నేను ఎవరి కింద పనిచేశానో ఆ పెద్దల్లో కేకలు వేసినవాళ్ళే ఎక్కువ. వాళ్ళ దగ్గర నేర్చుకున్నది కేకలు వినపడకుండా పనిచేయడం. నిజంగా పని నేర్పినవాడు ఒక్కడే, లెస్లీ అనే ముసలి ఇంగ్లీషాయన.

ఆయిల్ ధర ఆకాశంలో ఉన్న రోజులవి. దోహాలో ఏ సందు చూసినా క్రేను. హోటలు పక్కన హోటలు లేచేది. ఆ దేశంలో మందు దొరికేది హోటళ్ళ లోపలే, అందుకని ప్రతి హోటలూ తన బారు పక్క హోటలు బారులా ఉండకూడదనుకునేది. సముద్రం రోడ్డు దగ్గర, నాటకశాలకు దాపున కడుతున్న హోటలువాళ్ళు, మాకు లండన్ పబ్బు కావాలి, అచ్చం పాతకాలపుదే కావాలి అన్నారు. ఆ పనికి మా కంపెనీ లెస్లీని తెచ్చింది.

ఆయన లండన్‌లో స్టేజీ వడ్రంగి. అక్కడ నాటకాల హాళ్ళన్నీ ఒకే పేటలో ఉంటాయట. రాజుల కోటలు, అడవులు, పేదవాళ్ళ వంటిళ్ళు, అన్నీ చెక్కతో గుడ్డతో చేసేవాడట. "ఆట అయిపోయాక ఏం చేస్తారు సార్?" అని అడిగాను.

"పీకేస్తాం."

"అయితే మీదీ షట్టరింగే."

ఆయన ఆగి, నన్ను చూసి, పెద్దగా నవ్వాడు. ఆయన ఇంగ్లీషు, నా హిందీ, మధ్యలో సైటు అరబ్బీ, మిగిలింది చేతులు. ఇంతకన్నా బాగా మాట్లాడుకున్న మనుషులు నాకు తెలియదు.

ఆ పబ్బు ఆయన బుర్రలో ఉంది. నాటకాల హాళ్ళ వెనక సందులో, మన ఇంటి వరండా అంత పబ్బు. నల్లబడిన చెక్క గోడలు, కౌంటరు కింద ఇత్తడి కడ్డీ, పువ్వులు చెక్కిన అద్దాలు. ఆట మధ్యలో విరామం ఇస్తే కిరీటం పెట్టుకున్న రాజూ, కాసేపట్లో వాడి చేతిలో చావాల్సిన సిపాయీ ఒకే కౌంటరు దగ్గర నిలబడి తాగేవాళ్ళట. హాల్లో బెల్లు కొడితే ఆ పబ్బులో కూడా మోగేదట, గ్లాసులు వదిలేసి పరుగెత్తేవాళ్ళట. అలాంటి బెల్లు ఇక్కడా పెట్టమన్నాడు. పెట్టాను. తీగ గోడ దాకా వెళ్ళి ఆగిపోయింది, దేనికీ తగిలించలేదు.

"ఇప్పుడు వెళ్తే ఆ పబ్బు చూడొచ్చా సార్?"

"ఇప్పుడు అక్కడ బూట్లు అమ్ముతున్నారు," అన్నాడు.

అంటే లోకంలో మిగిలేది మేం కట్టేదే. ఆయనకు వయసు పరిమితి దగ్గరపడింది, వీసా మళ్ళీ పొడిగించరు. పోయేలోపల అది తెరిస్తే ఒక్క సాయంత్రం లోపల కూర్చోవాలని ఆయన కోరిక. జీతం గురించి గానీ, హోటలువాళ్ళ మెప్పు గురించి గానీ ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. ఈ ఒక్కటి మాత్రం రెండు మూడు సార్లు అన్నాడు.

ఫ్యామిలీ సెక్షన్

డ్రాయింగులో పబ్బు మూలన ఒక చిన్న గది ఉంది. ఒక్క బెంచీ పట్టేంత. దానికి బయటి నుంచి వేరే తలుపు. నేనూ లింగన్నా డ్రాయింగు మీద వంగి చూశాం.

"ఇదేంది రాజేశం, గోదామా?"

"గోదాముల బెంచీ ఎందుకుంటదే? అల్ ముంతజాల మనం బిర్యానీ తినే హోటల్ యాదికి తెచ్చుకో. పక్కపొంటి వేరే తలుపు, లోపట చిన్న అర్ర, పరదా."

"ఫ్యామిలీ సెక్షన్!"

"మరి? ఆడోళ్ళు ఎవలికి కనవడకుంట కూసునే జాగ."

గల్ఫులో కాపురం చేసిన ఎవరైనా అదే అనుకుంటారు. అయితే ఆ గదికీ కౌంటరుకూ మధ్య గోడలో చిన్న కిటికీ గీసి ఉంది. ఫ్యామిలీ సెక్షన్‌లోకి కిటికీ ఏమిటి, మగవాళ్ళు తొంగిచూడడానికా? గీసినవాడు పొరపాటు పడ్డాడని తేల్చి, కిటికీ మూసేశాను. డ్రాయింగులో గోడ మనిషి ఎత్తే ఉంటే, కప్పు దాకా లేపాను. లోపల దూది నింపి చప్పుడు రాకుండా చేశాను. పరదాకు ఇత్తడి కడ్డీ నా వైపు నుంచి ఉచితం. ఆ డ్రాయింగును నేను బాగుచేశానన్నమాట.

లెస్లీ వచ్చాడు. చూశాడు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మేం బయట నిలబడ్డాం. చప్పుడు లేదు.

"పోయిండా ఏంది?" అన్నాడు లింగన్న మెల్లగా.

"హ్యాండిల్ లోపటనే ఉంది, పెట్టిన," అన్నాను నేను.

చివరికి తలుపు తీసుకుని వచ్చాడు. కోపంగా లేడు. "రాజూ, ఇందులో కూర్చుంటే సమాధిలో ఉన్నట్టుంది," అన్నాడు. మమ్మల్ని ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి, తను సిమెంటు బస్తా మీద కూర్చుని చెప్పాడు.

ఆ గది ఒంటరి మనిషి కోసం. ఆ రోజు వేషం పోయిన నటుడు, ఇంట్లో మనిషి పోయినవాడు, ఊరికే ఎవరికీ మొహం చూపించబుద్ధి కానివాడు, వేరే తలుపున వచ్చి అక్కడ కూర్చుంటాడు. ఎవరికీ కనిపించడు. కానీ గోడ పైనుంచి అందరి మాటలూ వినిపిస్తాయి. గ్లాసు కావాలంటే కిటికీ తీస్తాడు. భార్య పోయిన ఏడాది చలికాలమంతా తను ఆ గదిలోనే కూర్చున్నానన్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదట. కానీ రోజూ వెళ్ళాడట.

లింగన్న తల గోక్కున్నాడు. మా దగ్గర కల్లు కాడ ఎవడైనా ఒక్కడే పక్కకు కూర్చుంటే, ఇంట్లో లొల్లి అయిందా అని పదిమంది వచ్చి అడుగుతారు. వాడు ఏడ్చేదాకా వదలరు. మాకు ఆ గది కొత్త సంగతి.

"గోడ కోసెయ్," అన్నాడు లెస్లీ. "కిటికీ తెరువు. కిటికీకి చిన్న గొళ్ళెం పెట్టు. ఎటువైపు పెడతావు?"

"కౌంటరు దిక్కు సార్. దుకాణం వాళ్ళది కదా."

"కాదు. లోపల. ఒంటరిగా ఉన్నవాడి వైపు. తెరవాలా వద్దా అన్నది వాడి ఇష్టం. బయటివాడు తెరిస్తే అది కిటికీ కాదు, పోలీసు."

పిల్లలూ, నా పని జీవితంలో గొళ్ళేలు లెక్కలేనన్ని బిగించాను. ఎటువైపు అన్నది చెక్క సంగతి కాదు, లోపల కూర్చునే మనిషి సంగతి అని అప్పుడే తెలిసింది. బిగించే ముందు ఒకసారి లోపల కూర్చుని చూడండి. కానీ హ్యాండిల్ జేబులో పెట్టుకుని కూర్చోండి.

చాయ్

పని అయిపోయింది. అనుమతి కాగితం మాత్రం రాలేదు. ఇవాళ, రేపు, ఇన్షాల్లా. లెస్లీ వీసా గడువు ముందే వచ్చేసింది. ప్రయాణం నాటి సాయంత్రం సైటుకు వచ్చాడు, టై కట్టుకుని. మూసి ఉన్న పబ్బు తాళం అప్పటికి ఇంకా నా దగ్గరే ఉంది.

సీసాలు లేని అరలు, కరెంటు ఇవ్వని దీపాలు. ఆయన చిన్న గదిలో కూర్చున్నాడు. నేను కౌంటరు వెనక నిలబడ్డాను. కిటికీ అవతల గొళ్ళెం జరిగిన చప్పుడైంది. తెరుచుకుంది.

"ఏం ఉంది?" అన్నాడు ఆయన.

"కరక్ చాయ్ ఉంది సార్. ఫ్లాస్కులో. లేదంటే నీళ్ళు."

"మంచి పబ్బు," అన్నాడు.

కాగితం కప్పులో పోసి కిటికీలోంచి ఇచ్చాను. వినడానికి మాటలు కావాలి కదా అని, లింగన్నా నేనూ కౌంటరు దగ్గర నిలబడి బాత్రూమ్ కథ మళ్ళీ చెప్పుకున్నాం, పదిమంది నవ్వినంత గట్టిగా నవ్వాం. ఖాళీ గదిలో ఇద్దరి నవ్వు ఎంత వస్తుంది? లింగన్న బెల్లు కూడా నోటితోనే మోగించాడు.  లెస్లీ బయటికి వచ్చినప్పుడు కళ్ళు తుడుచుకున్నాడో లేదో నేను చూడలేదు. చూడకూడదనే కదా ఆ గోడ కట్టింది.

కారెక్కే ముందు నాతో అన్నాడు. "తెరిచాక ఒకసారి వెళ్ళు రాజూ. జనం ఉన్నప్పుడు. చిన్న గదిలో కూర్చో. మాటలు సరిగ్గా వినిపిస్తున్నాయో లేదో నాకు చెప్పు. ఫోన్ చేస్తాను."

"చెప్తాను సార్," అన్నాను. ఫినిషింగ్ పనివాడు ఇవ్వకూడని మాట అది.

వెళ్ళడం

పబ్బు తెరిచారు. శుక్రవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. గుమ్మం దగ్గర నేపాలీ గార్డు, మాతో కూర్చుని అన్నం తిన్నవాడే. నా కార్డు చూసి, తల దించుకుని, "కంపెనీ కార్డ్ ఉన్నోళ్ళకు మాఫీ, లోపలికి లేదు భాయ్. నా నౌకరీ పోతుంది," అన్నాడు. వాడి మీద కోపం లేదు. తిరిగి వచ్చి మంచం మీద పడుకుంటే లింగన్న వదల్లేదు.

"పోయినవా లండన్‌కు?"

"పోయిన. వీసా రిజెక్ట్."

లెస్లీ ఫోన్ చేశాడు. "వినిపించిందా?" అని అడిగాడు. ఇంకా వెళ్ళలేదు, పని ఎక్కువగా ఉందన్నాను. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే చెప్పాను. లోపలికి రానివ్వలేదని ఆయనకు ఎలా చెప్పను? ఆయన పబ్బులో అలాంటి నియమం లేదు.

అలా చాలాకాలం గడిచింది. ఒక సాయంత్రం హోటలు నుంచి కబురు వచ్చింది. చిన్న గది తలుపు ఉబ్బి పట్టేసింది, రద్దీ వేళ, వెంటనే వచ్చి సరిచేయమని. పనిముట్ల పెట్టె పట్టుకుని పరుగెత్తాను. గార్డు సెల్యూట్ కొట్టినంత పనిచేశాడు. ఉబ్బిన తలుపును అంతగా దీవించిన వడ్రంగి ఇంకెవడూ ఉండడు.

అంచుకు కాస్త రంధా పట్టి చెక్కాను. తలుపు పడింది. లోపల వేసుకుని చూడాలి కదా, అది మన పనే కదా. వేసుకున్నాను. బెంచీ మీద కూర్చున్నాను. పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను.

గోడ పైనుంచి మాటలు దిగుతున్నాయి. ఎవడో కథ చెబుతున్నాడు, మధ్యలో ఇంకొకడు అడ్డుపడుతున్నాడు, ఒకామె నవ్వు, గ్లాసు గ్లాసుకు తగలడం. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా లేవబుద్ధి కాలేదు. వాళ్ళకు నేను ఉన్నట్టే తెలియదు, నాకు మాత్రం వాళ్ళంతా పక్కనే ఉన్నారు. క్యాంపులో అందరి మధ్యా కూర్చున్నప్పుడు కూడా నాకు అలా అనిపించలేదు. నవ్వించాల్సిన పని లేదు.

గొళ్ళెం తీశాను. గోవా కుర్రాడొకడు కౌంటరు వెనక నుంచి వంగి, చూడకుండానే, "ఏం ఇమ్మంటారు సార్?" అన్నాడు. సార్.

"కరక్ చాయ్," అన్నాను.

వాడు అప్పుడు చూశాడు. యూనిఫామ్, పెట్టె, చొక్కా మీద చెక్కపొట్టు. నవ్వి నిమ్మకాయ సోడా ఇచ్చాడు. "ఇక్కడ కూర్చునే ఆయన ఒకరున్నారు, ఆయిల్ కంపెనీ. రోజూ వస్తారు. కిటికీ నాలుగు వేళ్ళంత తీసి ఉంచుతారు. ఎప్పుడూ మాట్లాడరు. మీరు త్వరగా కానివ్వండి, ఆయన బయట నిలబడ్డారు," అన్నాడు.

సోడా తాగి బయటికి వచ్చాను. బట్టతల మనిషి ఒకాయన నాకు దారి ఇచ్చి, నేను కూర్చున్న వేడి బెంచీ మీద కూర్చుని తలుపు వేసుకున్నాడు. లోపల గొళ్ళెం జరిగింది.

ఆ వారం లెస్లీ ఫోన్ చేసినప్పుడు నేను మొదట హలో కూడా అనలేదు.

"అన్నీ వినిపిస్తున్నాయి సార్. ఒక్కటీ అర్థం కాలేదు."

 "అది చాలు రాజూ. నాకూ అప్పుడు అంతే," అన్నాడు. ఆ తర్వాత మరి రెండు సార్లు చేశాడు. తర్వాత ఆ నంబరు మోగడం మానేసింది.

ఇల్లు

పని వదిలేసి వచ్చాక ఇంట్లో నాకు ఏం చేయాలో తెలియలేదు. సుగుణ వంటింట్లో ఉండేది, నేను ముందు గదిలో ఉండేవాణ్ణి. ఫోన్‌లో ఉన్నప్పుడు ఎంత దూరమో అంతే దూరం. వాగుతాననుకున్నాను, ఆమె ముందు మాట రాలేదు. చేతులకు తెలిసిన పని ఒకటే. ముందు గదిలో గోడకు ఆనుకుని బెంచీ చేశాను. వంటింటి గోడ కోసి చిన్న కిటికీ పెట్టాను, టేకు తలుపు, ఇత్తడి గొళ్ళెం. నా జీవితంలో ఇంత శుభ్రంగా ఏదీ చేయలేదు.

ఆమెను పిలిచి చూపించాను. లెస్లీ సంగతి, ఆ గది సంగతి, అన్నీ చెప్పాను. ఆమె మిరపకాయలు తుంచుతూ విన్నది.

"అసలు కిటుకు గొళ్ళెంల ఉంది," అన్నాను. "ఒక్కలే ఉన్నోళ్ళ దిక్కు పెట్టాలె. తెరిసుడు, మూసుడు వాళ్ళ ఇష్టం."

ఆమె మిరపకాయలు కింద పెట్టింది. ముందు గదిలోకి వచ్చి గొళ్ళెం చూసింది. మళ్ళీ వంటింట్లోకి పోయి, అటువైపు నున్నటి చెక్క మీద చెయ్యి పెట్టి చూసింది. కిటికీలోంచి నా మొహంలోకి చూసి అన్నది.

"గట్లయితే తప్పు దిక్కు బిగించినవ్. ఇగ ఇటు పెట్టు."